కంటి డాక్టరు ‘అంతా బాగుంది’ అన్నాక ఎక్కడికెళ్లాలి?
రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

మా నాన్న టైలరు. పూర్ణా మార్కెట్ దగ్గర చిన్న కొట్టు. ముప్పై అయిదేళ్లు కత్తెర పట్టిన చెయ్యి. టేపు తియ్యకుండానే మనిషిని చూసి ఛాతీ కొలత చెప్పేసేవాడు, అర అంగుళం తేడా వచ్చేది కాదు. అలాంటి మనిషి 58వ ఏట ఒక పెళ్లి షర్టుకి ఎడమ చెయ్యి తీసుకెళ్లి కుడివైపు కుట్టాడు. విప్పి మళ్లీ కుట్టాడు. మళ్లీ అలాగే వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నమే కొట్టు మూసి ఇంటికొచ్చేశాడు.

సూదిలో దారం ఎక్కట్లేదంటే చత్వారం అనుకుంటాం. నాన్నకి దారం ఎక్కేది. సుద్దతో గీసిన గీత ఒకచోట ఉంటే కత్తెర దాని పక్కనుంచి పోయేది. స్కూటర్ ఎడమవైపు అంతా గోడలకి గీసుకుపోయింది. జగదాంబ సెంటర్లో రోడ్డు దాటాలంటే, బస్సు ఎంత దూరంలో ఉందో తెలియక పది నిమిషాలు నిలబడిపోయేవాడు. అడిగితే ఒకటే మాట: “అన్నీ అగుపడతన్నాయమ్మా, కానీ ఏది ఎక్కడుందో తెలట్నేదు.”

ఆ ఒక్క వాక్యంలోనే జబ్బు పేరు తప్ప మిగతాదంతా ఉంది. అది అర్థం చేసుకోవడానికి మాకూ, డాక్టర్లకూ కలిపి రెండున్నరేళ్లు పట్టింది.

ఆ రెండున్నరేళ్లలో అద్దాలు మూడుసార్లు మార్చాం. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. బాగానే చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆపరేషన్ తర్వాత కంటి పరీక్షకు తీసుకెళ్లినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చార్టు మీద ఒక్కో అక్షరానికి కర్ర పెట్టి చూపిస్తే చివరి వరస దాకా చదివేశాడు. కర్ర తీసి “ఈ వరసంతా చదవండి మాస్టారూ” అంటే, రెండక్షరాలు చదివి మూడోది ఎక్కడుందో వెతుక్కున్నాడు. మొదటి సంగతి చీటీలో రాశారు: చూపు నార్మల్. రెండోది రాయడానికి ఆ చీటీలో గడి లేదు.

ఇంటి దగ్గర చుట్టాలు “వయసైపోతోంది కదమ్మా, చాదస్తం” అన్నారు. 60 ఏళ్ల మనిషికి!

చివరికి ఒక న్యూరాలజిస్టు నాన్నని గడియారం గీయమన్నారు. గుండ్రం బాగానే గీశాడు. పన్నెండు అంకెలూ కుడివైపే ఒకదాని మీద ఒకటి కుప్పగా పడ్డాయి. అంతకుముందు అడిగిన తేదీ, ఊరు, మనవల పేర్లు, నిన్న రాత్రి తిన్న కూర అన్నీ తడుముకోకుండా చెప్పాడు. జ్ఞాపకం గట్టిగానే ఉంది. అందుకే మతిమరుపు జబ్బు గురించి ఎవరికీ అనుమానం రాలేదు.

దీన్ని పోస్టీరియర్ కార్టికల్ అట్రోఫీ అంటారట. 1988లో ఫ్రాంక్ బెన్సన్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు, ఆయన తోటి డాక్టర్లు దీనికి ఆ పేరు పెట్టారు. ఎక్కువమందిలో దీని వెనక ఉండేది అల్జీమర్సే. మామూలుగా ఆ జబ్బు జ్ఞాపకం దగ్గర మొదలవుతుంది, వీళ్లలో మెదడు వెనక భాగంలో, చూపుని అర్థం చేసుకునే చోట మొదలవుతుంది. టైలరు కూతుర్ని కాబట్టి నేనిలా అర్థం చేసుకున్నాను: కన్ను బట్ట తెచ్చి ఇస్తుంది, కుట్టేది మెదడు. మా నాన్న దగ్గర బట్ట శుభ్రంగా ఉంది.

అందరికీ ఇదే రకం వస్తుందని చెప్పట్లేదు. మామూలు అల్జీమర్స్‌లోనూ, అంతకుముందు దశలోనూ కొందరికి రంగుల మధ్య తేడా, లోతు, దూరం అంచనా తప్పుతాయి. లెవీ బాడీ డిమెన్షియా అనే ఇంకో రకం మతిమరుపు జబ్బులో లేని మనుషులు, పిల్లలు కనిపిస్తారు. మన వైపు పల్లెల్లో దానికి గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. పిచ్చి అనుకుని హాలోపెరిడాల్ లాంటి మందులిస్తే ఆ రోగులకి ప్రాణం మీదికి రావచ్చు. చూపులో తేడా వచ్చిన ప్రతి పెద్దాయనకీ మతి పోతోందని భయపడాల్సిన పనీ లేదు. శుక్లాలు, నీటికాసులు, షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బు ముందు చూసుకోవాలి. చూపు బాగు చేయించుకోకుండా వదిలేయడం కూడా డిమెన్షియా ముప్పును పెంచుతుందని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ తన జాబితాలో చేర్చింది. కంటి శిబిరాలు ఆపమని నేను ఛస్తే అడగను.

నేను అడిగేది ఆ శిబిరం తర్వాతి మెట్టు గురించి.

మా వీధికి ఆశా కార్యకర్త వస్తుంది. మంచి పిల్ల, ఎండలో కొండ మెట్లన్నీ ఎక్కి వస్తుంది. ముప్పై దాటిన వాళ్లందరికీ ఆమె నింపే సీబ్యాక్ ఫారంలో (బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు కనిపెట్టేందుకు ఇంటింటికీ తిరిగి నింపేది) చూపు మసకగా ఉందా అని ఒక ప్రశ్న ఉంది. దగ్గరివాళ్ల పేర్లు, ఇంటి అడ్రసు మర్చిపోతున్నారా అని ఇంకో ప్రశ్న ఉంది, అది అరవై దాటినవాళ్లకే. ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది 50, 65 ఏళ్ల మధ్య. నాన్నకి అప్పటికి అరవై నిండలేదు, రెండో ప్రశ్న అడగనే లేదు. అడిగినా పాసైపోయేవాడు. మొదటి ప్రశ్నకి “అవును” అన్నాడు, మళ్లీ కంటి శిబిరానికే పంపారు.

ఫారం కేంద్రానిది, మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. కంటి శిబిరాల రిజిస్టరు మాత్రం రాష్ట్రం చేతిలో ఉంటుంది. అద్దాలు సరిచేసినా, ఆపరేషన్ అయినా ఇంకా “కనపడట్లేదు” అంటున్న వాళ్లని ఈ మాటలు అడిగించండి. మెట్టు అంచు, గ్లాసు దూరం అంచనా తప్పుతున్నారా? ఎదురుగా ఉన్న వస్తువు కోసం వెతుకుతున్నారా? చొక్కా తిరగేసి, ఒక చెయ్యి ఇంకో చేతిలో దూర్చి వేసుకుంటున్నారా? లేని మనుషులు కనిపిస్తున్నారా? ఒక్కదానికి అవునన్నా న్యూరాలజీకి చీటీ రాయాలి.

చీటీ రాస్తే పంపడానికి చోటు లేదని మాత్రం అనకండి. విశాఖలో కేజీహెచ్ ఉంది, ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది. మూడూ 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధమే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి కూడా జనం వచ్చేది ఇక్కడికే. మూడింటి డాక్టర్లూ నెలకోసారి ఒక గదిలో కూర్చుని ఇలాంటి కేసులు చూడడానికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు.

పరీక్షలూ ఉన్నాయి. జ్ఞాపకం, మాట, చూపుతో అంచనా అన్నీ చూసే అడెన్‌బ్రూక్స్ పరీక్షను హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు తెలుగువాళ్లకు తగ్గట్టు మార్చి చాలా ఏళ్లయింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారు చేయించిన ఇలాంటి పరీక్షల సెట్టు ఉన్న అయిదు భాషల్లో తెలుగు ఒకటి. పెన్సిల్ పట్టని మత్స్యకారుల అవ్వని బొమ్మ గీయమంటే జబ్బు లేకపోయినా ఫెయిలవుతుంది కాబట్టి, చదువు లేనివాళ్లకి ఎలా చేయాలో నేర్పించాలి. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. అందులో మనవాళ్ల వాటాకి ఈ మాత్రం ఏర్పాటు ఎక్కువేం కాదు.

పింఛను సంగతి ఇంకో లేఖకి వదిలేస్తున్నా. సదరంలో కంటి వైకల్యం కొలిచే లెక్క ప్రకారం మా నాన్న చూపు భేష్.

ఈ జబ్బుని వెనక్కి తిప్పే మందు లేదు. పేరు తెలిశాక మాత్రం ఇల్లు మారింది. స్టీలు కంచంలో పెరుగన్నం పెడితే సగం వదిలేసి లేచిపోయేవాడు, అమ్మ అలిగేది. ఒకరోజు కంచాలు తోమడానికి నీళ్లు రాక అరిటాకు వేసింది. పచ్చటి ఆకు మీద తెల్లటి మెతుకు ఒక్కటి కూడా మిగల్లేదు. తెలిసిందేమిటంటే, మెరిసే కంచంలో తెల్లన్నం నాన్నకి కనిపించట్లేదు. గుమ్మం దగ్గర నల్ల డోర్‌మ్యాట్‌ని గొయ్యి అనుకుని దాటబోయి రెండుసార్లు పడ్డాడు, దాన్ని తీసేశాం. తమ్ముడు ఒక డబ్బా పసుపు పెయింట్ తెచ్చి మా సందులో 42 మెట్లకీ అంచులు వేశాడు. ఇప్పుడు పక్కింటి మామ్మ కూడా చెయ్యి పట్టుకోకుండా దిగుతోంది.

ఆ పెయింట్ మాటకొస్తే ఒకటి చెప్పాలి. స్కానింగ్‌కి నాన్నని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. నేలంతా అద్దంలా మెరిసే తెల్ల గ్రానైట్, మధ్యలో అందానికి అడ్డంగా ఒక నల్ల పట్టీ. నాన్న ఆ పట్టీ ముందు ఆగిపోయాడు. “కాలవుందమ్మా” అన్నాడు. వెనక స్ట్రెచర్ ఆగింది, ఎవరో విసుక్కున్నారు. న్యూరాలజీ గదికి వెళ్లే దారి అది! మీ శాఖ కట్టే ఆసుపత్రులకి టైల్స్ ఎంచే ఇంజినీర్లకి ఈ పేరా ఒక్కటైనా చదివి వినిపించండి.

సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం జరుపుతారు. అక్టోబరు రెండో గురువారం ప్రపంచ దృష్టి దినం. రెండింటికీ మధ్య ఉండేది మూడు వారాలకి అటూ ఇటూ, ఒక సభలో మాట్లాడిన డాక్టరు ఇంకో సభలో కనపడరు. ఈ ఏడు దృష్టి దినం శిబిరంలో కంటి డాక్టరు పక్కన ఒక న్యూరాలజిస్టుకి కూడా కుర్చీ వేయించండి. మా నాన్నని తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక టైలరు కూతురు,
విశాఖపట్నం