బుజ్జీ, బ్రేక్ ఆయిల్ మార్చేదాకా ఘాట్ ఎక్కకు

బుజ్జమ్మా,

నిన్న ఫోన్‌లో నువ్వు మాటవరసకి చెప్పి వదిలేసిన సంగతి నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అరకు నుంచి దిగుతుంటే ముందు బ్రేక్ లివర్ మెత్తబడి గ్రిప్పు దాకా వచ్చేసిందన్నావు, పక్కకి ఆపి కాసేపు కూర్చుంటే మళ్ళీ మామూలుగా అయిపోయిందన్నావు, మర్నాడు వైజాగ్‌లో మెకానిక్‌కి చూపిస్తే రెండుసార్లు నొక్కి చూసి "బానే ఉందమ్మా" అన్నాడని కూడా చెప్పావు. ఆయన అబద్ధమేం చెప్పలేదు. చల్లారాక ఆ బ్రేక్ బానే ఉంటుంది. నా భయమంతా అందుకే.

అమ్మకి ఇంకా చెప్పలేదు, చెబితే బండి అమ్మేయమంటుంది. నాకు నువ్వు బండి మానేయడం ఇష్టం లేదు, నీ అంతట నువ్వు కొండలూ ఊళ్ళూ తిరుగుతుంటే నాకెంత సంతోషమో నీకు తెలుసు. అందుకే ఇది కూర్చుని రాస్తున్నాను, పక్కన పెట్టుకుని నీ చేత్తోనే చేసుకో.

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఇంజన్ ఆయిల్ లాంటిది కాదు. దానికి నీటి చెమ్మని పీల్చుకునే గుణం ఉంది, వానాకాలంలో మూత పెట్టని ఉప్పు డబ్బా చూడు, అలాగ. మూత బిగించే ఉన్నా రబ్బరు పైపుల గుండా కొంచెం కొంచెంగా నీరు చేరుతూనే ఉంటుంది, పైగా నువ్వుండేది సముద్రం పక్కన. ఈ ద్రవాల్లో రకాలుంటాయి, వాటికి డాట్ అని నంబర్లు. కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. అందులో 3.7 శాతం నీరు చేరాక చూస్తే ఆ లెక్క 155కి పడిపోతుంది. ఘాట్‌లో మలుపు మలుపుకీ నొక్కుతూ వస్తే చక్రంతో తిరిగే డిస్కు వేడి, దాన్ని పట్టి ఆపే ప్యాడ్ల మీదుగా లోపలి ద్రవానికి ఎక్కుతుంది, అది మరిగి ఆవిరి బుడగలవుతుంది. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. నీ వేళ్ళ బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోయింది, ప్యాడ్ల దాకా చేరలేదు. ఆపి కూర్చున్నావు కాబట్టి ఆవిరి మళ్ళీ నీరైంది, లివర్ గట్టిపడింది.

ఇది నాకు ఎలా తెలుసంటే, నువ్వు రెండో క్లాసులో ఉండగా శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగుతూ నాకూ ఇదే జరిగింది, వెనకాల మీ అమ్మ ఉంది. లివర్ గ్రిప్పుకి తగిలిన ఆ క్షణం ఇప్పటికీ నా చేతిలోనే ఉంది. గేర్లు ఒక్కొక్కటే దించి, వెనక డ్రమ్ము బ్రేక్ తొక్కిపట్టి, కొండవైపు మట్టిలోకి దింపి ఆపాను. ఆ బండి కొన్నాక ఐదేళ్ళు ఒక్కసారి కూడా ఆ ద్రవం మార్చలేదు, మార్చాలని ఎవరూ చెప్పలేదు. నీ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను, టైర్లు చూశాను, చైన్ చూశాను, హ్యాండిల్ మీద బ్రేక్ ఆయిల్ ఉండే ఆ చిన్న డబ్బాలోకి మాత్రం చూడలేదు. అది నా తప్పే.

ఇప్పుడు వెళ్ళి ఆ డబ్బా అద్దంలోంచి చూడు. కొత్తది లేత పసుపుగా ఉంటుంది. నీది టీ డికాషన్ రంగులో ఉంటే ఇక మారు ఆలోచన వద్దు.

ఆ డబ్బా మూత మీద ఏ డాట్ అని రాసుంటుందో అదే కొను, సీలు తీయని బాటిల్. చాలా బళ్ళకి డాట్ 4 ఉంటుంది. డాట్ 5 అన్నది సిలికాన్ రకం, పొరపాటున కూడా కలపకూడదు. ముందు బ్రేక్‌కి పావు లీటరు చాలు, మిగిలింది వచ్చే ఏడాదికి దాచకు, మూత తీసిన బాటిల్ కూడా చెమ్మ పీల్చేస్తుంది. ఇంకా 8 నంబరు రింగు స్పానర్, మందుల షాపులో సిరంజి, చేపల తొట్టెలకి వేసే సన్నటి పారదర్శక పైపు ఓ మూరెడు, ఖాళీ నీళ్ళ సీసా, గ్లోవ్స్, పాత గుడ్డలు.

ముందు ట్యాంకు మీద తడిగుడ్డ కప్పు. ఈ ద్రవం ఒక్క చుక్క పడినా పెయింట్‌ని తినేస్తుంది, పడితే వెంటనే నీళ్ళు పోసి కడిగెయ్యి. కళ్ళలో పడకుండా కళ్ళజోడు పెట్టుకో.

డబ్బా మూత స్క్రూలు రెండూ మెత్తగా ఉంటాయి, చాలామంది పని అక్కడే చెడిపోతుంది. సరిగ్గా సరిపోయే స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి, దాని పిడి మీద ఓసారి తట్టి, గట్టిగా అదిమి పట్టుకుని అప్పుడు తిప్పు. ఊరికే తిప్పితే తల అరిగిపోతుంది. మూత చుట్టూ దుమ్ము తుడిచాకే తియ్యి. పాతది సిరంజితో లాగి, కొత్తది పోసి, మూత ఊరికే పైన పెట్టి ఉంచు, లేకపోతే లివర్ నొక్కినప్పుడు పైకి చిమ్ముతుంది.

కింద చక్రం దగ్గర, ప్యాడ్లని డిస్కుకి అదిమే కాలిపర్ మీద రబ్బరు టోపీ పెట్టుకున్న చిన్న నిపుల్ ఉంటుంది. దానికి స్పానర్ ముందు తొడుగు, తర్వాత పైపు. పైపు రెండో కొస సీసాలో కాస్త కొత్త ద్రవం పోసి అందులో మునిగేలా పెట్టు. ఇక్కణ్నుంచి తొందరపడకు. లివర్ నెమ్మదిగా మూడు నాలుగు సార్లు నొక్కి, నొక్కే పట్టుకో. నిపుల్ పావు చుట్టు వదులు చెయ్యి. లివర్ గ్రిప్పు దాకా వెళ్తుంది, పైపులో నల్లటి ద్రవం కదులుతుంది. నిపుల్ బిగించు, బిగించాకే లివర్ వదులు. ఈ వరస తప్పితే గాలి వెనక్కి పీల్చుకుంటుంది. నీ రూమ్మేట్‌ని లివర్ దగ్గర నిలబెట్టి నువ్వు నిపుల్ దగ్గర కూర్చుంటే సులువు, "పట్టుకో", "వదులు" అని గట్టిగా చెప్పుకోండి.

నాలుగైదుసార్లకోసారి పైన డబ్బా చూస్తూ ఉండు, మట్టం కింది గీత దాటకుండా పోస్తూ ఉండాలి. డబ్బా ఖాళీ అయితే గాలి లోపలికి పోతుంది, నీ బండికి బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది కాబట్టి గాలి ఆ యూనిట్‌లో చేరితే ఇంట్లో తీయలేం, షోరూమ్‌కి తీసుకెళ్ళాలి.

పైపులో మొదట నలుపు, తర్వాత ఆవగింజల్లాంటి బుడగలు, తర్వాత లేత పసుపు. పసుపు వచ్చిందని ఆపేయకు, ఒక్క బుడగ కూడా లేకుండా ఐదారుసార్లు రావాలి. ఇంకా మెత్తగా అనిపిస్తే స్పానర్ పిడితో కాలిపర్‌నీ బండి బ్రేక్ పైపునీ మెల్లగా తట్టు, అంటుకున్న బుడగలు కదులుతాయి. అప్పటికీ అలాగే ఉంటే రాత్రికి లివర్‌ని గ్రిప్పుకి తాడుతో కట్టి వదిలేసి, పొద్దున మళ్ళీ చూడు. నిపుల్ బిగించేటప్పుడు మాత్రం బలం చూపించకు, అల్యూమినియం మరలు పోతాయి. చివర్లో డబ్బాలో పై గీత దాకా పోసి, మూత కింది రబ్బరు సరిగ్గా కూర్చోబెట్టి బిగించు. డిస్కు మీద చుక్క పడితే బ్రేక్ క్లీనర్‌తో తుడువు, ప్యాడ్‌కి అంటిందనుకో, ఆ ప్యాడ్లు మార్చాల్సిందే. పాత ద్రవం కాలవలో పొయ్యకు, సీసాలోనే మూత పెట్టి మెకానిక్ షెడ్డులో పాత ఆయిల్‌తో పాటు ఇచ్చెయ్యి.

అయ్యాక ఖాళీ వీధిలో నడకంత వేగంతో పది సార్లు ఆపి చూడు, తర్వాతే మెయిన్ రోడ్డు. మళ్ళీ రెండేళ్ళకి మార్చాలి, తేదీ సీటు కింద అతికించు. ఘాట్ దిగేటప్పుడు రెండో గేర్లో దిగు, భారమంతా ముందు బ్రేక్ మీదే వెయ్యకు.

ఆదివారం పొద్దున చెయ్యి, వీడియో కాల్‌లో నేనుంటాను. చివర్లో లివర్ గట్టిగా నొక్కి నాకు చూపించు, గ్రిప్పుకీ లివర్‌కీ మధ్య నీ రెండు వేళ్ళు పట్టాలి. అది చూశాక అమ్మకి నేనే చెప్తాను.

నాన్న