స్విచ్‌లు సరే, కిటికీల సంగతి ఏమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ జిల్లా ఎడిషన్‌లో పది రోజుల కిందట వచ్చిన ప్రభుత్వ కార్యాలయం ఫొటో గురించి ఈ ఉత్తరం. ఖాళీ కుర్చీల మీద తిరుగుతున్న ఫ్యాన్లు, మిట్టమధ్యాహ్నం వెలుగుతున్న ట్యూబ్‌లైట్లు, కింద ‘ఉద్యోగుల నిర్లక్ష్యం’ అని ఒక వ్యాఖ్య. ఆ హాలు మాది కాదు. అయినా పల్నాడులో ఏ అద్దె కార్యాలయంలో తీసినా ఫొటో అలాగే వస్తుంది. నెలాఖరు రిపోర్టుల పనిలో పడి వెంటనే రాయలేకపోయాను. ఈలోగా ఆ క్లిప్పింగ్ జత చేసి మాకు సర్క్యులర్ కూడా పంపారు. సీట్లోంచి లేచేటప్పుడు ఫ్యాన్ ఆపాలని. తప్పకుండా ఆపుతాం. కానీ మా హాల్లో రెండు మూడు ఫ్యాన్లకు కలిపి ఒక్కో స్విచ్. నేను లేచి ఆపితే పక్కన రాసుకుంటున్న ఇద్దరికీ చెమటలు పడతాయి. పగలు లైటు ఎందుకు వేశారని మీ విలేఖరి ఒక్క మాట అడిగి ఉంటే ఇదంతా అక్కడే తెలిసేది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు కార్యాలయాలకు చోటు దొరక్క ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుకున్నాం. మాకు దక్కింది షాపుల కోసం కట్టిన కాంప్లెక్స్‌లో పై అంతస్తు. నెత్తి మీద నేరుగా స్లాబ్. మూడు వైపులా గోడలు, పడమర పక్క మాత్రం నాలుగు కిటికీలు. వాటిలో రెండింటిని అధికారి గారి గదికని అల్యూమినియం పార్టిషన్ కట్టి కలిపేశారు. మిగిలిన రెండింటికీ రికార్డు బీరువాలు అడ్డం. ఇంక హాల్లోకి వెలుతురు ఎటునుంచి వస్తుంది? అందుకే పదకొండు గంటలకే లైట్లు వేస్తాం. గాలి ఆడదు కాబట్టి ఫ్యాన్లు సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటాయి. మే నెలలో ఆ ఫ్యాన్లు స్లాబ్ వేడినే కిందికి తోస్తాయి. రెంటచింతల ఎండల సంగతి మీ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

అధికారి గారి గదిలో ఏసీ ఉంది. దాన్ని 18 మీద పెడతారు. 24 డిగ్రీల దగ్గర ఉంచితే ఒంటికీ మంచిది, కరెంటూ ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018 నుంచీ చెబుతోంది. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం ఆదా అని లెక్క కూడా ఇచ్చింది. ఫ్యాన్ ఆపమని గుమాస్తాకు వచ్చిన సర్క్యులర్‌లో ఈ ముక్క ఎందుకు లేదు? ఆ గదిలో కూర్చునే అధికారి సుఖంగా ఉన్నారనీ నేననను. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకోదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. పదిమంది కూర్చుని గంటసేపు మీటింగ్ పెడితే అందరికీ మగత, తలనొప్పి.

మా ఆఫీసులో ఆడవాళ్ళం ఆరుగురం. మా బాత్రూం కింది అంతస్తులో, షాపుల వాళ్ళతో కలిపి. తాళంచెవి కోసం అడుక్కోవాలి. అందుకని ఎండాకాలంలో కూడా నీళ్ళు తాగకుండా ఓర్చుకునే అమ్మాయిలున్నారు. గత వేసవిలో ఒకమ్మాయి కళ్ళు తిరిగి కుర్చీలోనే ఒరిగిపోయింది. ఆ రోజు ఏ పత్రికా ఫొటో తియ్యలేదు.

ఇక డాబా కథ. పైకప్పుకు తెల్ల రంగు వేస్తే వేడి తగ్గుతుందని పల్లెటూళ్ళో కూడా తెలుసు, సున్నంలో ఫెవికాల్ కలిపి పూస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చి ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి చేసింది. మేం రాతపూర్వకంగా అడిగాం. ప్రైవేటు భవనం మీద ప్రభుత్వ డబ్బు ఖర్చు పెట్టకూడదని జవాబు. యజమానిని అడిగితే వేసుకోండి, ఖర్చు మీదే అన్నాడు. చివరికి మేమే తలా కొంత వేసుకుని, ఒక ఆదివారం అటెండర్, మరో ఇద్దరు ఎక్కి పూశారు. ఆ వేసవి మధ్యాహ్నాలు నెత్తిన కుంపటి దించినట్టుంది. వానలకు సగం కొట్టుకుపోయింది. మళ్ళీ ఎవరు వేస్తారు? ఆ మధ్యలోనే అధికారి గారి గదికి రెండో ఏసీ మాత్రం వారంలో మంజూరైంది.

నేను ఉద్యోగంలో చేరింది బ్రిటిష్ వాళ్ళ కాలంనాటి భవనంలో. ఎత్తయిన మద్రాస్ టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన కప్పు), చుట్టూ వరండా, గోడల పైభాగాన వెంటిలేటర్లు. ఎండాకాలంలో వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. సాయంత్రం నాలుగు దాటితేగాని లైటు వేసేవాళ్ళం కాదు. అది పాత ముచ్చట అంటారేమో, కొత్తదీ చూశాను. శిక్షణకు వెళ్ళినప్పుడు హైదరాబాద్‌లో సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూపించారు. 2004లో రాష్ట్రపతి కలాం గారు ప్రారంభించిన భవనం, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొట్టమొదటిది. మధ్యలో ముంగిళ్ళు, జాలీ గోడలు, డాబా మీద పచ్చిక, బయటి గాలిని చల్లబరిచి లోపలికి పంపే గాలి గోపురాలు. పగలు చాలాచోట్ల లైటు అక్కర్లేదు. మన దగ్గర కట్టలేరని ఎవరూ అనలేరు, ఇరవై ఏళ్ళ కిందటే కట్టి చూపించారు.

నియమాలకు కొదవ లేదు. భవనాల్లో ఇంధన పొదుపు కోసం ఈసీబీసీ నియమావళి 2007లోనే వచ్చింది. కానీ అది 100 కిలోవాట్ల పైన లోడు ఉన్న పెద్ద భవనాలకు. ఫ్యాక్టరీలో కార్మికుడికి గాలి, తగిన ఉష్ణోగ్రత ఉండాలని 1948 నాటి చట్టం 13వ సెక్షన్‌లోనే రాశారు. కాంప్లెక్స్ మేడ మీద కూర్చున్న గుమాస్తాను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అద్దె భవనానికి ఆర్ అండ్ బీ వాళ్ళు వచ్చి కొలిచి అద్దె సబబేనని సర్టిఫికెట్ ఇస్తారు. కొలిచేది చదరపు అడుగులే. కిటికీలు ఎన్ని, ఎదురెదురుగా ఉన్నాయా, డాబాకు తెల్ల పూత ఉందా, ఆడవాళ్ళకు వేరే బాత్రూం ఉందా, ఈ నాలుగు గళ్ళు ఆ కాగితంలో చేర్చడానికి పైసా ఖర్చు లేదు. పూత పని యజమానిదేనని ఒప్పందంలోనే రాయించాలి. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల లోపు. మా హాల్లో 14 ఫ్యాన్లు రోజుకు 8 గంటలు తిరుగుతాయి. మారిస్తే రోజుకు 5 యూనిట్లు మిగులుతాయి. స్విచ్ ఆపితే ఇంత మిగులుతుందా, చెప్పండి.

మా కార్యాలయం అద్దె ఒప్పందం వచ్చే మార్చితో ముగుస్తుంది. కొత్త భవనం చూడటానికి వెళ్ళే ఇంజినీరు గారి వెంట మాలో ఒకరిని పంపమని పై అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పొద్దున చల్లపూట కాదు, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళమనండి.

ఇట్లు,
ఒక సీనియర్ అసిస్టెంట్,
పల్నాడు జిల్లా