కొండపల్లి అడవి మా పంటకు పెట్టుబడి

సంపాదకుల వారికి నమస్కారం.

నవరాత్రులకు ఇంద్రకీలాద్రి మీదికి లక్షల మంది వస్తారు. ఆ జనాన్ని చూసినప్పుడల్లా జిల్లాలో పర్యాటకం పెంచాలన్న మాట లేస్తుంది. ఆ మాటల్లో కృష్ణ ఒడ్డు ఉంటుంది, భవానీ ద్వీపం ఉంటుంది, కొత్త హోటళ్లు ఉంటాయి. ఇబ్రహీంపట్నం, జి.కొండూరు, మైలవరం వైపు పరుచుకున్న కొండపల్లి రిజర్వు అడవి పేరు మాత్రం గ్రావెల్ తవ్వకాల వార్తల్లోనే ఎక్కువగా కనపడుతుంది. నేను ఆ కొండల కింద కూరగాయలు పండించి, విజయవాడ రైతుబజారులో అమ్ముకునే మనిషిని. ఆ అడవి మా ఇంటి ఆదాయంలో ఎక్కడెక్కడ ఉందో నాలుగు మాటలు చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాకు కాకర, బీర, దోస, సొర పాదులే ఆధారం. వీటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వును చేరకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. ఆ పుప్పొడిని ఎక్కువగా మోసేవి తేనెటీగలు, తుమ్మెదలు. వాటి పట్లు కొండ చరియల్లో, చెట్ల తొర్రల్లో, పొదల్లో ఉంటాయి. కొండవాలుకు ఆనుకుని ఉన్న మా సొంత చేలో పొద్దున్నే కాకర పందిరి కింద నిలబడితే వాటి రొద వినపడుతుంది. ఊరికి అవతల, రోడ్డు పక్కన ఒక ఏడు కౌలుకు చేశాం. అదే విత్తనం, అదే ఎరువు, నీళ్లకూ కొరత లేదు. పిందె మాత్రం నిలవలేదు. ఆ చేను చుట్టూ చదును చేసి రాళ్లు పాతిన ప్లాట్లే ఉన్నాయి, పూచే మొక్కంటూ లేదు. చివరికి ఇద్దరు కూలీలను పెట్టుకుని, తెల్లారేసరికి మగపువ్వులు కోసి ఆడపువ్వులకు చేత్తో అద్దించాం. ఆ కూలి డబ్బు మేం జేబులోంచి ఇచ్చాం. కొండ పక్క చేలో అదే పని అడవి చేసిపెడుతోంది. అడవి విలువ ఎంత అని లెక్కలు వేసే అధికారులు ఈ కూలిని ఏ పద్దులో రాస్తున్నారో తెలిస్తే బాగుండును. మైలవరం, ఆగిరిపల్లి, నూజివీడు తోటల్లో మామిడి పూత కాయగా నిలవడానికీ ఈగలు, తేనెటీగలు తిరగాలి. నున్న మార్కెట్‌కి వెళ్లే బంగినపల్లి, రసాల లోడుల వెనక కూడా వాటి చాకిరీ ఉంది.

ఇక నీళ్లు. బుడమేరు మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా పోయి కొల్లేటిలో కలుస్తుంది. మా కొండల వాగులూ దాంట్లోకే చేరతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. సైన్యం వచ్చి గండ్లు పూడ్చాల్సి వచ్చింది. టీవీల్లో నగరాన్ని చూపించారు, అది న్యాయమే, అక్కడ జనం మేడల మీద తిండీ నీళ్లూ లేక ఉన్నారు. మా వైపు చేలల్లో పందిళ్లు కొట్టుకుపోయి, ఇసుక మేట వేసింది. అంత వానను అడవి ఒక్కటే ఆపేస్తుందని నేను అనడం లేదు. కానీ మామూలు వానలప్పుడు తేడా మా కళ్లకు కనపడుతుంది. చెట్లున్న వాలు నుంచి వాగు నిదానంగా, తేటగా వస్తుంది, వాన వెలిశాక కూడా కొన్నాళ్లు పారుతుంది. గ్రావెల్ తవ్విన వాలు నుంచి వచ్చే నీళ్లు ఎర్రగా ఒక్కసారి విరుచుకుపడతాయి, మర్నాటికి వాగు ఎండిపోతుంది. ఆ ఎర్రమట్టి చెరువులో పేరుకుని లోతు తగ్గిపోతే, మాఘమాసం నాటికే అడుగు బయటపడుతుంది. వేసవి కూరగాయలకు అప్పుడు బోరే దిక్కు. ఈ తవ్వకాల గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లిన సంగతి మీ పాఠకులకు తెలుసు. రాత్రిపూట టిప్పర్ల చప్పుడు ఎవరికి వినపడాలో వాళ్లకు ఇప్పటికైనా వినపడాలి.

కొండపల్లి బొమ్మల సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అడవి నేరుగా అన్నం పెడుతున్న పని అది. ఆ బొమ్మలు తెల్లపొనికి కర్రతో చేస్తారు. రాతి కొండల మీద, నీరు తక్కువగా ఉన్నచోట పెరిగే చెట్టు అది. కర్ర చాలా తేలిక, కత్తికి మెత్తగా లొంగుతుంది. కర్రను సన్నని సెగ మీద తడి పోయేదాకా కాస్తారు. చేతులు, తల, తొండం, బండి చక్రం దేనికది విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికిస్తారు. ఆ మక్కుతోనే సందులు పూడ్చి, నునుపు చేసి రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు... సంక్రాంతి కొలువులో ఇవి లేని ఇల్లు మా వైపు తక్కువ. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది కాబట్టి ఇంకెక్కడో చేసి ఈ పేరుతో అమ్మకూడదు. కానీ కర్ర ఏది? దగ్గరి కొండల్లో పొనికి తగ్గిపోయింది, దూరం పోయి తేవాలి, ధర పెరిగింది. నాకు తెలిసినావిడ బొమ్మల కాలనీలో రంగులు వేస్తుంది. ‘వదినా, వేరే కర్రతో కూడా బొమ్మ అవుద్ది. బరువుంటది, చెక్కడానికి రెండింతల టైమ్ పడతది, మాకు మిగిలేది ఏముంటది?’ అంది. కొట్టేసిన చెట్టుకు బదులు నాటిన మొక్క కర్రకు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకని ఈ ఏడు నాటకపోతే, ఇప్పుడు బడికి వెళ్తున్న ఆమె కొడుకు ఆ కత్తి పట్టుకునే అవసరమే రాదు.

పర్యాటకానికి వస్తాను. ఆదివారం కొండపల్లి కోట చూడటానికి వచ్చిన కుటుంబం టికెట్ కొంటుంది, పైన మహల్ చూస్తుంది, కిందికి వచ్చాక పిల్లలు బొమ్మ అడుగుతారు. దసరా రోజుల్లో అయితే రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు ఉంటాయి. పొలం లేని ఆడవాళ్లు కొండ మీద ఏరుకొచ్చి అమ్మే పళ్లవి. పక్కనే జామకాయలు, మొక్కజొన్న పొత్తులు. మూలపాడులో సీతాకోకచిలుకల పార్కు ఉంది, వానలు పడ్డాక చూడాలి దాని అందం. ఇలా వచ్చిన మనిషి ఖర్చుపెట్టిన రూపాయి ఆ సాయంత్రానికే మా ఊళ్లలో నాలుగు చేతులు మారుతుంది. అయితే జనం వస్తున్నారని చెట్లు కొట్టి రిసార్టులు కట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. వాళ్లు చూడటానికి వచ్చేదే ఆ పచ్చదనం. ఉండటానికి, తినడానికి కొండ కింద ఊళ్లున్నాయి.

అడవి పక్కన బతకడంలో కష్టం లేకపోలేదు. అడవిపందులు ఒక్క రాత్రిలో వేరుశనగ చేను తవ్వేస్తాయి. కోతులు జామ మిగలనివ్వవు. నష్టపరిహారం కోసం తిరిగే తిరుగుడు వేరే ఉత్తరం రాయాల్సినంత ఉంది. అయినా కొండ మీద మేతా నీళ్లూ ఉన్న ఏడు పందులు తక్కువ దిగుతాయని మా పెద్దవాళ్లు అనేవారు, నేనూ అదే చూస్తున్నాను.

జిల్లా అధికారులను నేను అడిగేది ఇది. బోడిగా మారిన వాలుల్లో తెల్లపొనికి విరివిగా నాటించండి. ఉపాధి హామీ కూలీలు ఉన్నారు, వన సంరక్షణ సమితులు ఉన్నాయి, నర్సరీలో మొక్కలు పెంచే పని మా ఆడవాళ్లకు ఇవ్వొచ్చు. ఆ కర్ర చేతికొచ్చినప్పుడు మధ్యలో వ్యాపారి లేకుండా బొమ్మల కళాకారులకే అందేలా ఇప్పుడే కాగితం మీద రాయండి. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు కార్డు, కాటా, ధరల బోర్డు ఇచ్చి రైతును నేరుగా అమ్ముకోనిచ్చారు. కోట కింద శని, ఆదివారాలు అదే పద్ధతిలో చిన్న సంత పెడితే సీతాఫలాలు ఏరేవాళ్లకూ మాకూ నీడా, చోటూ దొరుకుతాయి. గ్రావెల్ బండ్లు వెళ్లే దారుల్లో రాత్రిపూట చెక్‌పోస్టు పెట్టండి.

ఈ దసరాకే చేయగలిగిన పని ఒకటుంది. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి బొమ్మల కాలనీ, కోట, మూలపాడు కలుపుతూ నవరాత్రులన్నాళ్లూ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ప్రత్యేక బస్సులు వేయండి. అమ్మవారి దర్శనం అయ్యాక రాత్రి రైలు దాకా ఏం చేయాలో తెలియక ప్లాట్‌ఫాం మీద కూర్చునే వాళ్లు ఎంతోమంది. వాళ్లకు బస్సు నంబరు, టైము తెలిసేలా ఇంద్రకీలాద్రి కింద ఒక బోర్డు, రైల్వేస్టేషన్‌లో ఒక బోర్డు పెడితే చాలు.

ఇట్లు,
కూరగాయల రైతు,
జి.కొండూరు మండలం, ఎన్టీఆర్ జిల్లా