రిమోట్ యాప్ పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గరుందో చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

సైబర్ మోసం వార్త వచ్చినప్పుడల్లా ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్‌లను హ్యాకింగ్ యాప్‌లని రాసేస్తున్నారు. నిజానికి ఇవి ఒక చోట కూర్చుని మరో చోటి కంప్యూటర్‌ను చూస్తూ నడపడానికి వాడే యాప్‌లు. బరంపురం బజారులో కొట్టు ఉంటే, టాలీ లెక్కలు చూసే అకౌంటెంటు ఇచ్ఛాపురంలోనో శ్రీకాకుళంలోనో ఉండొచ్చు. జీఎస్టీ గడువు దగ్గరపడితే వీటితోనే పని జరుగుతుంది. తీసేయమంటే ఎవరూ తీయరు, తీయాల్సిన పనీ లేదు.

చేసే పనిని బట్టి మంచి చెడ్డా చెప్పలేం. 1998లో ఒక హ్యాకర్ల బృందం వదిలిన బ్యాక్ ఆరిఫిస్ కూడా రిమోట్ అడ్మినిస్ట్రేషన్ సాధనమనే చెప్పుకుంది. కానీ అది ఎక్కిన కంప్యూటర్లో కూర్చున్నవాళ్లకు దాని జాడే తెలిసేది కాదు. యజమానికి తెలిసి, కనబడుతూ నడిచేదీ, దాక్కుని నడిచేదీ ఒకటి కావు.

చిక్కల్లా అనటెండెడ్ యాక్సెస్‌తోనే, అంటే ఇవతల ఎవరూ లేకపోయినా లోపలికి రానిచ్చే ఏర్పాటుతోనే. దానికి పాస్‌వర్డ్ పెడితే అవతలివాళ్లు వచ్చేటప్పుడు 'యాక్సెప్ట్' నొక్కేవాళ్లు అక్కర్లేదు. అకౌంటెంటు మానేసినా పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంటుంది. అప్పుడు మంచి సాఫ్ట్‌వేరే దొంగదారి అవుతుంది.

ఎనీడెస్క్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా, అందులో ఎనీడెస్క్ ఫోల్డర్ తెరవండి. ప్రోగ్రామ్‌డేటా మామూలుగా కనబడదు. పైన అడ్రస్ పెట్టెలో C:\ProgramData అని కొట్టాలి. అక్కడ కనెక్షన్ ట్రేస్ అనే టెక్స్ట్ ఫైల్లో వచ్చిన ప్రతి కనెక్షనుకూ తేదీ, సమయం, అవతలివాళ్ల ఐడీ ఉంటాయి. 'యూజర్' అని ఉంటే కొట్టులో ఎవరో ఒప్పుకున్నట్టు. 'పాస్‌వర్డ్' (Passwd) అన్నా, 'టోకెన్' (ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక మళ్లీ అడక్కుండా గుర్తుంచుకున్న అనుమతి) అన్నా ఎవరినీ అడక్కుండా వచ్చినట్టు. కొట్టు తెరవని రోజున అలాంటి వరుస కనబడితే వెంటనే అకౌంటెంటును అడగండి. మనిషి మారితే పాస్‌వర్డ్ మార్చడంతో ఆగకండి, సెట్టింగ్స్‌లో టోకెన్లు కూడా చెరిపేయండి. రోజూ అవసరం లేకపోతే అనటెండెడ్ యాక్సెస్‌నే ఆపేయడం మేలు.

ఫోన్ సంగతి వేరు. స్క్రీన్ షేర్ అయి ఉండగా వచ్చిన ఓటీపీ అవతలివాళ్లకూ కనబడుతుంది. రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే ఎనీడెస్క్ పేరు చెప్పి దీని గురించి హెచ్చరించింది. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఇలాంటి యాప్ ఎక్కించుకోమంటే అది మోసమే. ఎక్కించేశారా, ముందు నెట్ ఆపండి, తర్వాత మరో ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకూ చెప్పండి.

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని బ్యాంకు శాఖలు ఈ హెచ్చరికను ఒడియాతో పాటు తెలుగులోనూ గోడకు అంటించాలని కోరుతున్నాం.

— కంప్యూటర్ సర్వీసింగ్ మిత్రులు, బరంపురం, గంజాం జిల్లా