పీటీ పీరియడ్ ఇక ఎవరికీ అప్పివ్వం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

క్వార్టర్లీ పరీక్షలు దగ్గరపడ్డాయి కదా, హెడ్‌మాస్టర్ ఈ నెల పోర్షన్ల గురించి రాస్తాడని మీరు అనుకుని ఉంటారు. పోర్షన్ల పట్టిక వెనక పేజీలో ఉంది. నేను రాయదలచుకున్నది పీటీ పీరియడ్ గురించి.

ముందు మా తప్పు ఒప్పుకుంటాను. పరీక్షలు వస్తున్నాయంటే చాలు, లెక్కల సార్ వచ్చి పీటీ పీరియడ్ అడుగుతారు. ఆ తర్వాత సైన్స్ టీచర్ వస్తారు. "ఈ ఒక్కసారికి సార్" అంటారు, నేను తలాడిస్తాను. పోయిన నెల రిజిస్టరు ముందేసుకుని చూస్తే ఎనిమిదో తరగతికి ఉన్న ఎనిమిది పీటీ పీరియడ్లలో పిల్లలు గ్రౌండ్‌కి వెళ్లింది రెండుసార్లే. మిగతా ఆరింటి పాపం నాదే.

రిజిస్టరు తీయాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, సైన్స్ క్లబ్‌లో నేనూ కూర్చుని ఉండగా మా టీచరమ్మ పిల్లలకు జెరీ మోరిస్ కథ చెప్పారు. ఆయన బ్రిటన్‌లో ప్రజారోగ్య పరిశోధకుడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వైద్యుడిగా మన దేశంలోనూ పనిచేశాడు. యుద్ధం తర్వాత గుండెపోట్లు ఎందుకింత పెరుగుతున్నాయన్న ప్రశ్న పట్టుకుని లండన్ బస్సుల దగ్గరికి వెళ్లాడు. అక్కడివి డబుల్ డెక్కర్లు, అంటే రెండంతస్తుల బస్సులు. మన చెన్నైలో ఒకప్పుడు తిరిగిన తాంబరం–బ్రాడ్‌వే 18ఏ డబుల్ డెక్కర్ ఎక్కినవాళ్లు మీలోనూ ఉంటారు, ఊహించుకోవడం కష్టం కాదు. డ్రైవరు డ్యూటీ అంతా కూర్చునే ఉండేవాడు. కండక్టరు టికెట్ల కోసం కిందికీ పైకీ తిరుగుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. ఇద్దరిదీ ఒకే డిపో, ఇంచుమించు ఒకే జీతం, ఒకే రకం ఇళ్లు. కానీ గుండెజబ్బు కండక్టర్లలో బాగా తక్కువ, సుమారు సగం. 1953లో ఇది లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. వీధులు తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్‌లనీ, కుర్చీలో కూర్చుని పనిచేసే టెలిఫోన్ ఆపరేటర్లనీ గుమాస్తాలనీ పోల్చి చూసినా ఇదే కథ.

పిల్లలు ఊరికే వినే రకం కాదు. ఒకడు లేచి, "సార్, మన చెన్నై కండక్టరు సీట్లోనే కూర్చుంటాడు కదా, డబ్బులు మనమే చేతులు మార్చి పంపిస్తాం" అన్నాడు. నిజమే. ముందు డోరు దగ్గర ఎక్కినావిడ ఇచ్చిన నోటు ఎనిమిది చేతులు దాటి వెనక్కి వెళ్తుంది, టికెట్టూ చిల్లరా అదే దారిన తిరిగొస్తాయి. నాకు జవాబు తోచలేదు. ఇంకో అమ్మాయి అడిగిన ప్రశ్న ఇంకా గట్టిది: "లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్ ఉద్యోగంలో చేరారేమో, కూర్చోవడం వల్లే జబ్బొచ్చిందని ఎలా చెప్తారు?"

ఈ ప్రశ్న మోరిస్‌కూ వచ్చింది. ఆయన వెళ్లి యూనిఫాం కొలతలు తెప్పించుకున్నాడు! బస్సు సిబ్బందికి ప్యాంట్లు కుట్టించి ఇచ్చేది కంపెనీయే కాబట్టి ఎవరి నడుము ఎంతో లెక్క సిద్ధంగా ఉంది. డ్రైవర్ల నడుములు లావే. అయినా ఆ తేడా ఒక్కదానితో కండక్టర్లకు దక్కిన రక్షణంతా తేలలేదు, సన్నగా ఉన్నవాళ్లను విడిగా చూసినా డ్రైవర్లకే ముప్పు ఎక్కువ. ఈ ముక్క విన్నప్పుడు నాకు మన స్కూల్ టైలర్ గుర్తొచ్చాడు. జూన్‌లో కొలతలు తీసుకుంటూ "సార్, పిల్లలు పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ పెరుగుతున్నారు" అని నవ్వాడు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

మోరిస్ తన లెక్కను తానే నమ్మి ఆదివారాలు పార్కులో పరుగెత్తేవాడు. ఆ రోజుల్లో జనం పిచ్చివాడిలా చూశారట. 2009లో పోయేనాటికి ఆయన వయసు 99.

ఇప్పుడు రెండో సంగతి. ఇది నాన్నలకూ తాతయ్యలకూ. మన వీధి మొదట్లో ఉన్న పెట్టికడలో (బడ్డీకొట్టులో) పిల్లలు సిగరెట్ కొంటుంటే రెండుసార్లు చూశాను. కాల్చడానికి కాదు, ఇంట్లో పెద్దవాళ్లకు. "ఒక్క సిగరెట్టూ, మిగిలిన చిల్లరకి చాక్లెట్టూ" అన్నది వాళ్లకు అలవాటైన మాటే. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మకూడదనీ, బడికి వంద గజాల లోపు అసలు అమ్మకూడదనీ 2003 చట్టంలోనే ఉంది. కొట్టాయనతో నేను మాట్లాడాను. పంపేవాళ్లతో మాట్లాడటానికే ఈ ఉత్తరం.

నీతులు చెప్పే అర్హత నాకు పెద్దగా లేదు. ఇరవై ఏళ్లకు పైగా కాల్చాను. ఆ వంద గజాల నియమం పుణ్యమా అని ఇంటర్వెల్‌లో టీ కొట్టు దాకా నడిచి వెళ్లేవాణ్ని, రోజుకు నాకున్న వ్యాయామం అదొక్కటే. నలభై ఏడో ఏట మానేశాను. రిచర్డ్ డాల్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 1951లో డాక్టర్లకే ఉత్తరాలు రాసి, మీలో ఎవరు కాలుస్తారు, ఎంత కాలుస్తారు అని అడిగాడు. ఆ డాక్టర్లను యాభై ఏళ్లు గమనించి చూస్తే, కాల్చడం మాననివాళ్లు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకున్నారు. నలభైలో మానితే అందులో తొమ్మిదేళ్లు, యాభైలో మానితే ఆరేళ్లు, అరవైలో మానినా మూడేళ్లు దక్కుతాయి. నా లెక్క ఆరుకీ తొమ్మిదికీ మధ్య ఎక్కడో ఉంది. డాల్ కూడా తన లెక్కలు చూసుకునే సిగరెట్ మానేశాడు.

అది దొరల దేశం సంగతి, మనకెందుకు అనుకోకండి. మన చెన్నైలోనే వేందన్ గజలక్ష్మి అనే పరిశోధకురాలు తన బృందంతో చెన్నైలోనూ విల్లుపురం పల్లెల్లోనూ చనిపోయిన 43,000 మంది మగవాళ్ల వివరాలు సేకరించి, బతికున్న 35,000 మందితో పోల్చారు. 2003లో లాన్సెట్‌లోనే వచ్చింది. పొగతాగేవాళ్లు క్షయతో చనిపోవడం తాగనివాళ్లకంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. పొగంటే క్యాన్సరే అనుకుంటాం. టీబీ మాట మన ఇళ్లల్లో ఎవరూ ఎత్తరు, ఎత్తినా గొంతు తగ్గించి చెప్పుకుంటారు. బీడీ అయితే ఫరవాలేదనే పెద్దలకు చెప్తున్నా, ఆ విల్లుపురం పల్లెల్లో ఎక్కువమంది కాల్చింది బీడీలే.

ఇక మేం చేయబోయేది. మంగళ, శుక్రవారాల పీటీ పీరియడ్లు ఈ నెల నుంచి ఎవరికీ అప్పివ్వం, పరీక్ష ముందు రోజైనా సరే. లెక్కల సార్ ఒప్పుకున్నారు (సంతోషంగా కాదు). పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. వారానికి రెండు పీరియడ్లు అందులో ఏ మూలకీ రావు, మిగతాది మీ వీధుల్లో, మీ మేడల మీద జరగాలి. ఆడపిల్లలు చెట్టు నీడన కూర్చుని వాచీలూ బ్యాగులూ కాపలా కాసే పద్ధతి కూడా ఆపేస్తున్నాం. త్రోబాల్ నెట్ కొన్నాం.

మీ వల్ల కావలసినవి కొన్ని ఉన్నాయి. ఆ రెండు రోజులు కాన్వాస్ షూలూ, నిండా నీళ్ల బాటిలూ పంపండి. చొక్కాకు మట్టి అంటిందని తిట్టకండి. మనకు సొంత గ్రౌండ్ లేదు, కార్పొరేషన్ గ్రౌండే దిక్కు, దాని గేటు దగ్గర బండ్లు పెట్టేది ఎక్కువగా మనవాళ్లే. ఆ మూల ఖాళీ చేస్తే కబడ్డీకి ఒక కోర్టు వస్తుంది. తిరుమంగళం వైపు ఆసియాడ్ కాలనీ వాళ్లు మధుమేహ పరిశోధకుల మాట విని సొంతంగా డబ్బులు పోగేసి పార్కు కట్టుకున్నారు. అక్కడ క్రమంగా వ్యాయామం చేసేవాళ్లు నూటికి 14 నుంచి దాదాపు 59కి పెరిగారు. నేను పార్కు అడగడం లేదు, బండి ఇంకో పక్కన పెట్టమంటున్నాను.

ఎనిమిదో తరగతి వాళ్లు మన మెట్లు లెక్కపెట్టారు. అంతస్తుకు 22, పైదాకా 66. లండన్ కండక్టరు కనీస లెక్కకు అందాలంటే రోజుకు ఎనిమిదిసార్లు పైకి ఎక్కాలని గోడకు చార్టు అంటించారు. టీచర్ల పేర్లతో ఒక వరస కూడా గీశారు, నా గడిలో ఇప్పటికి రెండు ఉంది. శనివారం పేరెంట్స్ మీటింగ్ పై అంతస్తులోనే పెట్టాం. పది గంటలకు రండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు