ఆ తెల్లగుడ్డ

న్యూజెర్సీ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరానికి మూడు నెలలైనా జవాబు రాయలేదు, తిట్టుకునే ఉంటావు. తిట్టరా, పడతాను. పాపకి జ్వరం, నాకు రాత్రి షిఫ్టులు. ఇప్పుడు అందరం కులాసా. అవన్నీ తర్వాత. నిన్న చూసింది నీకు చెప్పందే నాకు నిద్ర పట్టదు.

న్యూయార్కులో 55వ వీధిలో సిటీ సెంటర్ అని పాత థియేటరు. ఆల్విన్ ఏలీ అని ఇక్కడి నల్లజాతి నాట్యకారుడు పెట్టిన బృందం డాన్సుకి వెళ్లాను. పై బాల్కనీలో చివరి వరస. అందులో 'క్రై' అని పదహారు నిమిషాల నాట్యం. స్టేజి మీద నల్లజాతి అమ్మాయి ఒక్కతే. ఒంటి మీద తెల్ల బట్టలు, చేతుల్లో పొడవాటి తెల్లగుడ్డ. కాసేపటికి మోకాళ్ల మీద కూలబడి ఆ గుడ్డతో నేల తుడవడం మొదలుపెట్టింది. ఒరేయ్, నిజంగా తుడుస్తోందిరా! భుజం బలమంతా అరచేతిలోకి తెచ్చి రుద్దుతోంది.

నాకు అమ్మ కనబడింది. పెద్దింట్లో పాచిపనికి వెళ్లినప్పుడు గుడ్డ పిండి, తుడిచిన చోట కాలు పడకుండా వెనక్కి వెనక్కి జరిగేది, గుర్తుందా? మనం గుమ్మం బయట నిలబడేవాళ్లం. నాకు లోపలికి రావడానికి లేదు. నిన్ను రమ్మని పిలిచినా నువ్వు వెళ్లలేదు. ఆ సంగతి నీతో ఎప్పుడూ... సర్లే.

కాసేపటికి అదే గుడ్డని తలకి చుట్టుకుని మహారాణిలా నిలబడింది. ఆఖర్లో గుడ్డా లేదు, బరువూ లేదు, ఎగిరి ఎగిరి ఆడింది. పక్కన ముసలావిడ గట్టిగా ఏడుస్తోంది. నేనూ అంతే.

ఏలీ 1971లో వాళ్లమ్మ లూలా పుట్టినరోజు కానుకగా కట్టాడట దీన్ని. 1931లో టెక్సస్‌లో పుట్టాడు. తండ్రి పసితనంలోనే వదిలిపోతే, తల్లి పత్తి ఏరి, తెల్లవాళ్ల ఇళ్లలో పని చేసి పెంచింది. నల్లజాతి ఆడవాళ్లందరికీ, ముఖ్యంగా అమ్మలకి అని అంకితం ఇచ్చాడు. మొదట ఆడిన జూడిత్ జామిసన్, తెర లేచేదాకా మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారీ ఆడి చూసుకోలేదట!

చిన్నప్పటి చర్చి పాటల్నీ, చూసిన బాధల్నీ ఏలీ 'రక్తంలోని జ్ఞాపకాలు' అనేవాడు. 1960లో చేసిన 'రెవలేషన్స్' అనే నాట్యం అందులోంచి వచ్చిందే. డాన్సు జనంలోంచి పుట్టింది, జనానికే తిరిగివ్వాలన్నది ఆయన పట్టు. అలాగని తన జాతివాళ్లతోనే బృందం నింపలేదు. తెల్లవాళ్లనీ తీసుకున్నాడు, జపాన్ నుంచి వచ్చిన మసజూమి చాయానీ తీసుకున్నాడు. మావాళ్ల కథ మీరెలా ఆడతారు అనలేదు. నేనైతే అనేవాణ్ణేమో. నువ్వు గుమ్మం బయట నిలబడ్డం గుర్తొచ్చి, అనకూడదనిపించింది.

నువ్వు బళ్లో పిల్లలకి కోలాటం నేర్పుతున్నావుగా. వాళ్ల అమ్మలు చేసే పనుల్లోంచి ఒక అడుగు కట్టి చూడరా. నాటు వెయ్యడం, చెరగడం, తుడవడం. ఏదైనా.

బయటికి రాగానే అమ్మకి ఫోను చేశాను. అక్కడ పొద్దున్న ఎనిమిదైంది. ఏం చెప్పాలో తోచలేదు. "టిఫిన్ చేశావా అమ్మా?" అన్నాను. "గొంతేంట్రా అలా ఉంది?" అంది. నేను ఇంకా...

పాప లేచి ఏడుస్తోంది. ఉంటాను.

నీ
రాజు