బిడ్డా, ఫైలు ఎక్కడ ఆగిందో చూడు

వరంగల్,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడ్వలేదు గాని నీ గొంతు వింటే ఏడ్చినట్టే ఉంది. టీం లీడర్‌వై నాలుగు నెలలు కాలేదు, రోజూ రాత్రి తొమ్మిది దాటుతోంది, అయినా ఆరోగ్య బీమా క్లెయిమ్ ఫైళ్లు పెరుగుతూనే ఉన్నాయి, పైవాళ్లు నిన్ను అడుగుతున్నారు, నువ్వు కింద ఆరుగురిని అడుగుతున్నావు. "మావాళ్లు సరిగ్గా చేయట్లేదు బాపూ, సోమవారం నుంచి టార్గెట్ పెంచుతా, గంటగంటకూ లెక్క అడుగుతా" అన్నావు. అప్పుడు నేనేమీ అనలేదు, నువ్వింకా అన్నం కూడా తినలేదు. కానీ రాత్రంతా అదే ఆలోచన. టార్గెట్ పెంచే ముందు ఇది చదువు.

ఏనుమాముల మార్కెట్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమస్తాగా చేరిన కొత్తల్లో నేను చేసిన తప్పు ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. మిర్చి సీజన్, యార్డు నిండా బస్తాలు, ఆ ఘాటుకు కళ్లు తెరవలేం. పొద్దున ఆ రోజు పెద్ద ధర తేల్చే జెండా పాట అయి, ఖరీదుదారులు సరుకు చూసి ధర రాసి పోయాక కాంటాలు మొదలవుతాయి. అందరి బస్తాలూ లేస్తున్నాయి, మా దుకాణానివి మాత్రం చీకటి పడినా కాంటా కావట్లేదు. రైతులేమో రాత్రంతా ట్రాక్టర్ మీద కూర్చొని వచ్చినవాళ్లు, తూకం, ధర, రావాల్సిన పైసలు రాసిన చీటీ, అదే తక్‌పట్టీ, చేతికొచ్చి పైసలు పడితే గాని ఇంటికి పోలేరు. వాళ్లు నా మీద అరిస్తే నేను హమాలీల మీద అరిచాను. చాలక ఇంకో నలుగురు హమాలీలను పిలిపించాను. దాంతో బస్తాలు కాంటా దగ్గరికి తొందరగా వచ్చి అక్కడ గుట్ట పడ్డాయి, మనిషి నడవడానికి దారి లేదు. తూకం మాత్రం ఎప్పటిలాగే.

మూడో రోజు కాంటా వేసే ముసలి దడవాయి ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. "కొడుకా, వాళ్లను తిడుతున్నవ్ గని, సేటు పిలిచినప్పుడల్లా నువ్వు లేచి పోతున్నవ్. నువ్వు లేకుంటే తూకం ఎవరు రాస్తరు? నువ్వొచ్చేదాక కాంటా నిలబడ్తది, కాంటా నిలబడితే మేమంతా నిలబడ్తం" అన్నాడు. అంతే, నా నోట మాట రాలేదు. తెల్లారి సేటుకు చెప్పుకుంటే ఫోన్లు ఎత్తడానికి ఒక పిల్లగాడిని పెట్టాడు, నేను ఆఖరి బస్తా అయ్యేదాకా కాంటా దగ్గరి నుంచి కదల్లేదు. అదనంగా పిలిచిన నలుగురినీ పంపేశాక కూడా దీపాలు పెట్టేవేళకు మా బస్తాలు లేచిపోయాయి.

ఇప్పుడు నీ ఆఫీసు చూడు. మాటల్లో నువ్వే చెప్పావు: ఆరుగురూ కాగితాలు సరిచూస్తారు, తర్వాత డాక్టర్ గారు చూడాలి, ఆయన మధ్యాహ్నం గాని రారు, పెద్ద మొత్తాలైతే నీ సంతకం కూడా కావాలి, నువ్వేమో మూడింటి దాకా మీటింగుల్లో ఉంటావు. మరి ఆ ఆరుగురికీ టార్గెట్ పెంచితే ఏమవుతుంది బిడ్డా? డాక్టర్ గారి ముందు, నీ ముందు గుట్ట పెరుగుతుంది, అంతకంటే ఏమీ కాదు. గంటగంటకూ లెక్క చెప్పడం కూడా ఒక పనే, ఆ టైం ఫైళ్లు చూసే టైంలోంచే పోతుంది.

నువ్వు ఇంట్లో వదిలిపోయిన ఎంబీఏ పుస్తకంలో దీనికి లెక్కే ఉంది, 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసర్ రుజువు చేసిన సూత్రం. చేతిలో ఉన్న పనిని రోజుకు తెగే పనితో భాగిస్తే ఒక్కో పనికి సగటున ఎన్ని రోజులు పడుతుందో వస్తుంది. నీ టీం నుంచి రోజుకు 50 ఫైళ్లు పూర్తిగా బయటపడుతూ, లోపల 600 ఉన్నాయనుకో, ఒక్కో ఫైలుకు 12 రోజులు. లోపల 1200 పోగేస్తే 24 రోజులు. మధ్యలో ఎవరెంత పరిగెత్తినా, ఆఖరికి బయటపడేవి 50 అయితే క్లెయిమ్ వేసిన మనిషి ఎదురుచూపు తగ్గదు. ఆయన అప్పు తెచ్చి ఆసుపత్రి బిల్లు కట్టి కూర్చున్నాడని మర్చిపోకు.

ఇంకో సంగతి. మీ తాత ఆజంజాహి మిల్లులో నేత పని చేసేవాడు కదా, పోగు తెగితే కనిపెట్టడమే పెద్ద టెన్షన్ అనేవాడు. చూసుకోకపోతే మగ్గం ఆడుతూనే ఉంటుంది, గుడ్డ పాడవుతూనే ఉంటుంది. జపాన్‌లో సకిచి టయోడా 1924లో తెచ్చిన మగ్గం పోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది, అందుకే ఒక్క మనిషి ఎన్నో మగ్గాలు చూసుకోగలిగాడు. తర్వాత వాళ్ల టయోటా కార్ల ఫ్యాక్టరీలో కూడా అదే పద్ధతి పెట్టారు, తప్పు కనపడితే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి లైన్ ఆపొచ్చు, అప్పుడు సూపర్‌వైజర్ పరిగెత్తుకుంటూ వస్తాడు, తిట్టడానికి కాదు, ఏమైందో చూడడానికి. నీ దగ్గర డిశ్చార్జ్ కాగితం లేని ఫైలు కూడా డాక్టర్ దాకా పోయి వెనక్కి వస్తోందన్నావు. మొదట చూసినవాళ్లకు తెలియకనా? ఆపితే ఆ రోజు లెక్కలో ఒకటి తగ్గుతుందని ముందుకు తోసేస్తున్నారని నా అనుమానం. "ఇది ఆపాను మేడం" అని వచ్చిన పిల్లను ఒక్కసారి గట్టిగా అన్నావంటే మళ్లీ నీ దగ్గరికి రాదు, అది మాత్రం గుర్తుపెట్టుకో.

రాత్రి తొమ్మిది దాకా కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. అలిసిన కళ్లకు అంకెలు కనపడవు, నేను లాంతరు వెలుగులో రాసిన తక్‌పట్టీలు తెల్లారి ఎన్ని దిద్దుకున్నానో నాకు తెలుసు. మీ టీంలో చంటిపిల్ల తల్లి ఒకామె ఉందన్నావు, ఆమెనైనా రేపే ఆరింటికి పంపించు.

రేపు ఎవర్నీ ఏమీ అడగకు. సాయంత్రం నాలుగింటికి నువ్వే లేచి ఒక్కో టేబుల్ దగ్గర, కంప్యూటర్‌లో ఒక్కో పేరు కింద, డాక్టర్ గారి దగ్గర, నీ దగ్గర ఎన్ని ఫైళ్లు ఆగి ఉన్నాయో, అన్నింటికంటే పాతది ఏ తారీఖుదో ఒక కాగితం మీద రాసుకో. నీ పేరు కింద ఉన్నవి మొదట రాయి. ముందు అన్నం తిను, తర్వాత ఫోన్ చెయ్యి, నేను పెన్నూ కాగితం పట్టుకొని కూర్చుంటా.

మీ బాపు